వెనక్కి వంగిన రెక్క

ఖరగ్‌పూర్ ఖరిదా బజారులో పాండురంగయ్య గిన్నెల కొట్టు తెలియనివాళ్లు తక్కువ. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబం. తాత పప్పులూ బెల్లమూ అమ్మాడు, తండ్రి ఇత్తడి సామానులోకి దిగాడు, పాండురంగయ్య స్టీలు కూడా చేర్చాడు. బెంగాలీ పెళ్లిళ్లకు కంచు పళ్లేలు, తెలుగు పెళ్లిళ్లకు బిందెలు, రైల్వే క్వార్టర్లలోకి కొత్తగా దిగినవాళ్లకు కుక్కర్లు, అన్నీ ఆ కొట్టులోనే. ఏ గిన్నె చేతికొచ్చినా ముందు వేలి కణుపుతో ఒకసారి తట్టి, మోత ఆగేదాకా విని, అప్పుడు గానీ నోరు విప్పేవాడు కాదు. ఆయనకు లోహం మీద గురి. సొట్టపడితే కంటికి కనిపిస్తుంది, చిల్లిపడితే నీళ్లు కారతాయి, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకోలా ఉండడం దానికి చేతకాదు అనేవాడు.

అలాంటి మనిషి పిల్లలిద్దరూ విమానాల వెంట పడ్డారు.

పెద్దవాడు వాసుదేవ్. దగ్గర్లోని కలైకుండా వైమానిక స్థావరం నుంచి లేచిన జెట్లు ఊరి మీదుగా వెళ్తుంటే కొట్టులో గిన్నెలు సన్నగా వణికేవి. ఆ వణుకు ఆగకముందే వాడు మేడ మీద ఉండేవాడు. చదువయ్యాక ఎయిర్‌ఫోర్సులో చేరాడు. ఒప్పుకున్న కాలం పూర్తిచేసి బయటికొచ్చి, దక్షిణాదిన ఒక చిన్న విమానాల కంపెనీలో టెస్టు పైలట్‌గా కుదిరాడు. ఈ ఉద్యోగం చూసి పిల్లనిచ్చేవాళ్లు వెనకాడుతున్నారని తల్లి కన్యకాంబ బెంగ పెట్టుకుంటే, తొందరేమీ లేదని నవ్వేసేవాడు.

రెండోది వినీత. అన్న ఎగరాలనుకుంటే, చెల్లెలు ఆ ఎగిరేదాన్ని విప్పి చూడాలనుకుంది. ఇంటి నుంచి టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, వెళ్లేంత దూరంలో ఉన్న ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనే చదివి, అక్కడి కాంపోజిట్ ల్యాబులోనే పరిశోధకురాలిగా నిలిచిపోయింది.

కాంపోజిట్ అంటే ఏమిటో తండ్రికి చెప్పడానికి అన్నాచెల్లెళ్లు చాలా తంటాలు పడ్డారు. వెంట్రుక కన్నా సన్నటి కార్బన్ దారాలుంటాయి. వాటిని గుడ్డలా నేస్తారు. ఆ గుడ్డకు రెసిన్ అనే జిగురు పట్టించి, ఏ పొరలో దారాలు ఏ వైపు నడవాలో లెక్క చూసి, పొర మీద పొర వేస్తారు. గాలి బుడగ మిగలకుండా పెద్ద ఓవెన్‌లో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. బయటికి తీసేసరికి అది గుడ్డా కాదు, జిగురూ కాదు. అల్యూమినియం కన్నా తేలిక, బరువుకు బరువు చూస్తే ఉక్కు కన్నా గట్టి. ఒకప్పుడు విమానంలో దీన్ని నమ్మి పెట్టింది చిన్నచిన్న తలుపులకూ మూతలకూ మాత్రమే, ఊడిపోయినా ప్రాణం మీదికి రాని చోట్ల. తర్వాత తోక భాగాలకు వాడారు. ఇప్పుడు వందల మందిని మోసుకెళ్లే విమానాలకు రెక్కలూ, ఒళ్లూ కూడా దీనితోనే చేస్తున్నారు. తుప్పు పట్టదు, రివెట్ల వరసలు అక్కర్లేదు, రెక్కను గాలికి ఎలా కావాలంటే అలా మలుచుకోవచ్చు.

పాండురంగయ్య అంతా ఓపిగ్గా విని, "గుడ్డకి జిగురు రాసి మనుషుల్ని ఎక్కిస్తారేటి?" అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఎగతాళి ఎంతో గర్వమూ అంతే ఉండేది. కొట్టుకు వచ్చినవాళ్లందరికీ మా అమ్మాయి విమానాలకు రెక్కలు కుడుతుంది అని చెప్పుకునేవాడు.

వాసుదేవ్ కంపెనీ ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం ఒకటి తలపెట్టింది. దాని రెక్కా, రెక్క లోపల పొడుగునా ఉండే దూలమూ పూర్తిగా కార్బన్‌తోనే. ఆ డిజైన్ పని ఖరగ్‌పూర్ ల్యాబుకు వచ్చింది. ప్రాజెక్టు ప్రొఫెసర్ మురళీ గారి పేరు మీద ఉన్నా, పొరల అమరిక మొత్తం వినీతదే. ఆ పని సాగినంత కాలం వాసుదేవ్ ఏదో ఒక మీటింగు పేరు చెప్పి ఇంటికి వస్తుండేవాడు. పగలు ల్యాబులో అందరి ముందూ చెల్లెల్ని వినీత గారూ అని పిలిచేవాడు. సాయంత్రం ఇంట్లో తల్లి వేసిన పెసర పుణుకుల కోసం అదే చెల్లెలితో దెబ్బలాడేవాడు. పాండురంగయ్య ఇల్లు అంత సందడిగా ఉండడం అదే ఆఖరు.

దుర్గాపూజ పందిళ్లకు ఊళ్లో ఇందా వైపు వెదుళ్లు దించుతున్న రోజుల్లో కబురు వచ్చింది. అప్పటికి ఆ విమానం చాలాసార్లు ఎగిరి దిగింది, ఏ ఇబ్బందీ లేదు. ఆ ఉదయం వాసుదేవ్ ఒక్కడే ఎక్కాడు. నేల విడిచిన కాసేపటికే కూలిపోయింది. ఇంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. పక్క పొలంలో పనిచేస్తున్న రైతు మాత్రం ఒక టీవీ విలేకరితో, రెక్క గాల్లోనే వంగి విరిగినట్టు తనకు కనిపించిందని చెప్పాడు. ఆ మాట సాయంత్రానికల్లా దేశమంతా తిరిగింది. పాండురంగయ్య కొట్టులో చిన్న టీవీ ముందు నిలబడి దాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు.

కర్మలు అయ్యేదాకా ఆయన కూతురితో ఏమీ అనలేదు. చుట్టాలంతా వెళ్లిపోయాక, వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండానే అన్నాడు.

"నీ గుడ్డ రెక్కే నా కొడుకుని తినీసింది."

ఆ మాట వినీత తనలో తాను అప్పటికే ఎన్నిసార్లు అనుకుందో.

తండ్రి ఆమెను ఇంట్లోంచి పొమ్మనలేదు. కానీ ఆమె కూర్చున్న గదిలో ఆయన కూర్చోవడం మానేశాడు, ఆమె వడ్డిస్తే తినడం మానేశాడు. ఆయన కడుపు మాడడం చూడలేక వినీతే సర్దుకుని, క్యాంపస్ గేటు దగ్గర ప్రేమ్ బజార్‌లో, జిరాక్స్ షాపు పైన ఒక గది తీసుకుంది. పక్క గదిలో ఆశ్రిత ఉండేది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చి అదే ల్యాబులో పరిశోధనకు చేరిన పిల్ల. కన్యకాంబ అప్పుడప్పుడు స్టీలు క్యారియర్‌లో కూరా చారూ పెట్టుకుని టోటోలో వచ్చేది. కూతురు తింటుంటే ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ వాసు పేరు ఎత్తేవారు కాదు. తింటున్న చేతిని తల్లి ఊరికే చూస్తూ ఉండేది.

ఆ రోజుల్లో వినీతను తిన్నది నిద్రలేమి కాదు, దుఃఖం కూడా కాదు. భయం. లోహానికి కష్టమొస్తే ముందుగా చెప్తుంది, వంగుతుంది, సాగుతుంది, చిన్న పగులు చూపిస్తుంది. కార్బన్ అలా కాదు. బండిలోంచి దించేటప్పుడు ఎవరి చేతిలోంచో ఒక స్పానర్ జారి దాని మీద పడిందనుకోండి. పైన గీత కూడా కనిపించకపోవచ్చు. లోపల పొరలు ఒకదాన్నొకటి వదిలేసి ఉండవచ్చు. పైన ఆ నల్లటి నునుపు అలాగే మెరుస్తుంది. అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే తప్ప దొరకదు. అన్నీ వెతికాం, అన్నీ దాటింది అని ఆమెకు తెలుసు. అయినా, దూలంలో ఒక మూల పొరలు తగ్గించిన చోట తను ఇంకొక్క పొర ఉంచి ఉంటే? బరువు తగ్గిందని అందరూ మెచ్చుకున్న చోటే అది విరిగి ఉంటే? క్లాసులో పాఠం చెప్తూ బోర్డు మీద పొరల గీతలు గీస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోయేది. పిల్లలు ఎదురుచూసేవారు.

చలికాలం మొదట్లో రెక్క ముక్కలు ఖరగ్‌పూర్ వచ్చాయి. తయారీ రోజుల నాటి నమూనా ముక్కలన్నీ ఈ ల్యాబులోనే ఉన్నాయి గనక, పోల్చి చూడడానికి ఇదే అనువని విచారణ కమిటీ అనుకుంది. పరీక్ష చేసేది మాత్రం కమిటీ పంపిన ఇద్దరు నిపుణులు. ఆ రెక్కతో ఏ సంబంధమున్నవాళ్లూ గదిలోకి రాకూడదు. అంటే మురళీ గారూ బయటే, వినీతా బయటే. మైక్రోస్కోపు నడపడానికి, రెక్క పని అయిపోయాక చేరింది కాబట్టి, ఆశ్రితను తీసుకున్నారు.

లారీ వచ్చే రోజు రావద్దని మురళీ గారు వినీతకు ముందే చెప్పారు. ఆమె వచ్చింది. టార్పాలిన్ కట్టిన పొడుగాటి పెట్టెలు ఒక్కొక్కటే దించుతుంటే వరండాలో స్తంభం పక్కన నిలబడింది. ఒక పెట్టె మీద కట్టు జారింది. నల్లటి అంచు, దానికి పట్టి ఎండిపోయిన ఎర్రమట్టి కనిపించాయి. వినీత ఇటు తిరిగిపోయింది. ఆ మట్టిని ఆమె చూడలేకపోయింది. అన్నయ్య పడింది ఆ మట్టిలోనే.

పరీక్ష చాలా రోజులు సాగింది. సాయంత్రాలు వినీతా ఆశ్రితా కలిసే ప్రేమ్ బజార్ హోటల్‌లో రొట్టెలు తినేవారు. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆ పిల్ల పళ్లెంలోంచి తల ఎత్తేది కాదు. ఒకసారి రొట్టె తుంచుతూ తుంచుతూ ఆగి, "అక్కా, నన్ను మాత్రం అడగొద్దు. చెప్పకూడదని సంతకం పెట్టాను" అంది. అడగనని వినీత మాటిచ్చింది. అడగలేదు కూడా. కానీ ఆ పిల్ల నీళ్లు తాగినా, నిట్టూర్చినా, ఫోను చూసుకుని నవ్వినా, దాంట్లోంచి ఏదో ఏరుకోవాలని చూసేది. నవ్వింది కదా, రెక్కలో తప్పు లేదేమో. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఉందేమో. చివరికి తన చూపుకే తనకు సిగ్గేసి, పని ఉందని చెప్పి వేరే వేళకు తినడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం నిపుణుల్లో పెద్దాయన మురళీ గారినీ వినీతనూ లోపలికి పిలిపించాడు. నెరిసిన మీసాలు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె చనిపోయిన పైలట్ చెల్లెలని ఆయనకు తెలుసు. ముందు కూర్చోమన్నాడు. తర్వాత హిందీలో, ఎక్కడా తొందరపడకుండా అంతా చెప్పుకొచ్చాడు.

రెక్క గాల్లో విరిగితే పైకి వంగి విరుగుతుంది, ఎందుకంటే గాలి దాన్ని కింది నుంచి పైకి ఎత్తుతుంది. అప్పుడు పైపొరలు నలిగిపోతాయి, కింది పొరల దారాలు తెగి చీపురు పుల్లల్లా నిలబడతాయి. ఇక్కడ అలా లేదు. ఈ రెక్క వెనక్కి వంగి విరిగింది. ముందు అంచు నేలకు గుద్దుకున్నప్పుడే అలా జరుగుతుంది. తెగిన పొరల మధ్యకు మట్టి కూరినట్టు దూరింది. అంటే నేల తాకేదాకా రెక్క చెక్కుచెదరలేదు. దూలంలో పాత పగులు గానీ, విడిపోయిన పొర గానీ ఎక్కడా దొరకలేదు. రైతు చూసింది రెక్క విరగడం కాదు, విమానం పక్కకు ఒరిగిపోవడం.

మురళీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వినీత లోపల ఎన్నాళ్లగానో బిగిసి ఉన్నదేదో ఒక్కసారిగా వదిలేసింది. ఊపిరి నిండుగా ఆడింది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోందని అప్పుడే గమనించింది. సంతోషం లాంటిదే అది. మరుక్షణం అదేమిటో ఆమెకు తెలిసొచ్చింది. అన్న పోయిన సంగతి చెప్తుంటే తను సంతోషపడింది.

పెద్దాయన మిగతాది కూడా చెప్పాడు. కొంచెం ఎత్తుకు వెళ్లాక ఇంజన్ ఆగిపోయింది. ఎందుకాగిందో వేరే చోట చూస్తున్నారు. ఎదురుగా వేరుశనగ పొలం ఉంది. తిన్నగా ముందుకు పోయి అందులో దించి ఉంటే విమానం పాడైపోయేది, మనిషి చాలావరకు బతికేవాడు. వాసుదేవ్ రేడియోలో తిరిగి వస్తున్నానని మాత్రం అన్నాడు. రన్‌వే వైపు మళ్లించాడు. అంత తక్కువ ఎత్తులో, ఇంజన్ లేకుండా, అంత మలుపు తిరిగితే వేగం చాలదు. ఎడమ రెక్కకు గాలి పట్టు తప్పింది. ఆ తర్వాత ఎవరూ చెయ్యగలిగింది లేదు.

అన్నయ్యకు ఆ సంగతి తెలియదా? శిక్షణకు వచ్చే ప్రతి కుర్రాడికీ మొదట్లోనే చెప్పే పాఠం అది. వాడే ఎందరికో చెప్పాడు. ఇంజన్ ఆగితే వెనక్కి చూడకండి, ఎదురుగా ఏది దొరికితే అందులో దించండి అని. మరి ఎందుకు తిప్పాడు? దానికి మైక్రోస్కోపులో జవాబు లేదు.

వినీత ఆ సాయంత్రం వరకూ ఆగలేదు. టోటో ఎక్కి నేరుగా ఖరిదా వెళ్లింది. భోజనాల వేళ కావడంతో కొట్టు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లింది. వెనక వైపు, పెట్టెల మధ్య స్టూలు మీద తండ్రి కూర్చున్నాడు. తల్లి పళ్లెం తీస్తోంది. కూతుర్ని చూసి ఆమె చెయ్యి ఆగింది. తండ్రి తల ఎత్తలేదు.

"నాన్నా, కమిటీవాళ్లు చెప్పినారు. రెక్క గాల్లో విరగలేదు."

ఆయన, "మరేటి విరిగింది?" అన్నాడు.

"ఏదీ విరగలేదు. ఇంజన్ ఆగిపోయింది. ఎదురుగా పొలం ఉంది. అందులో దింపీసుంటే రెక్కలు పోయేవి గానీ అన్నయ్య ఉండేవాడు. వెనక్కి తిప్పినాడు."

"అంటే తప్పు మనోడిది అంటావు."

"తప్పని ఎవరూ అన్లేదు. తిప్పినాడు అన్నారు. అంతే."

పాండురంగయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయనకు ఆ గుడ్డ రెక్క ఒక ఆధారం. దాన్ని తిట్టుకుంటూ పొద్దు గడిపాడు. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. ఇప్పుడు దాన్ని తీసుకుపోతే చేతికి మిగిలేది కొడుకు పొరపాటు.

కన్యకాంబ పళ్లెం నేల మీద పెట్టేసింది.

"రెక్క విరిగితే ఏటి, విరక్కపోతే ఏటి. తండ్రికీ కూతురికీ అదే పట్టింది. వాడు లేడని ఒక్కరూ ఏడవరు." అని లోపలికి వెళ్లిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు ఆ నీళ్లు అలా పోతూనే ఉన్నాయి.

అప్పుడు పాండురంగయ్య, ఎవరితోనో చెబుతున్నట్టు, మొదలుపెట్టాడు. ముందురోజు వాసు ఫోన్ చేశాడట. ఆయన మామూలుగానే, చెల్లి గుడ్డ రెక్క ఉందా చిరిగిందా అని ఆటపట్టించాడట. దానికి వాడు నవ్వి, నాన్నా, దాని మీద గీత పడనివ్వకుండా ఈ పరీక్షలన్నీ పూర్తిచేసి, మొదట నిన్నే ఎక్కించి తిప్పుతాను, అప్పుడు చెప్పు అన్నాడట.

కూతురు ఇంతకుముందు అన్న మాట ఆయన మనసులో మెల్లగా తిరుగుతోందని వినీతకు తెలుస్తూనే ఉంది. పొలంలో దింపితే రెక్కలు పోయేవి. ఆయన కళ్లెత్తి ఆమె వంక చూశాడు. వంటింటి గుమ్మంలో ఆ మాట అన్నాక ఆమె మొహంలోకి ఆయన చూడడం అదే మొదలు. ఆ చూపులో కోపం లేదు. అడగాలని ఉండి అడగలేని భయం ఉంది.

"గీత పడకుండా తెద్దామనే తిప్పినాడేటి, అమ్మా?"

తన రెక్క కోసమా? ఆ రెక్క మళ్లీ చెయ్యాలంటే ఎంత కష్టమో అన్నయ్యకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఆ మాట నిజమైతే తను ఎక్కడికి పోవాలి? ఎదురుగా ఉన్న ఈ ముసలాయన ఎక్కడికి పోవాలి? వినీత స్టూలు దగ్గర కింద కూర్చుని ఆయన పాదం మీద చెయ్యి వేసింది.

"లేదు నాన్నా. ఆ టైములో చెల్లీ గుర్తుండదు, నాన్నా గుర్తుండడు. రన్‌వే కనిపిస్తాది, చెయ్యి తిరిగిపోతాది. ఎంతో అనుభవం ఉన్నోళ్లు కూడా అలాగే తిప్పీసినారు."

"నిజమేనా?"

"నిజమే."

అనుభవం ఉన్నవాళ్లు తిప్పారన్నది నిజం. మిగతాది ఆమెకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఉండాలనుకున్నాడో, తల ఊపాడు. ఆ చెయ్యి తీయమని మాత్రం అనలేదు.

రెక్క ముక్కల్ని తిరిగి పెట్టెల్లో సర్దేముందు ఒకసారి చూడాలని పాండురంగయ్య కబురు పంపాడు. పెద్దాయన అభ్యంతరం చెప్పలేదు. ఉతికిన పంచె, శాలువా వేసుకుని ఆయన ప్రేమ్ బజార్ గేటు దగ్గర టోటో దిగితే, వినీత ఎదురువెళ్లి తీసుకొచ్చింది. హాలులో పొడుగాటి బల్లల మీద ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి, మనిషి పోయాక సర్దిన సామానులా. మురళీ గారు దూరంగా నిలబడ్డారు.

ఆయన చాలాసేపు చేతులు వెనక కట్టుకునే తిరిగాడు. తర్వాత అలవాటు కొద్దీ వేలు మడిచి, నల్లటి పైపొర మీద కణుపుతో తట్టాడు. టక్కుమని చిన్న చప్పుడయింది, అక్కడికక్కడే ఆగిపోయింది.

"ఇది మోగదేటి," అన్నాడు.

"మోగదు నాన్నా."

వాసు ఎక్కడ కూర్చునేవాడో చూపించమన్నాడు. ఆ భాగం ఇక్కడికి రాలేదని వినీత చెప్పింది. ఆయన సరేనన్నట్టు తల ఊపి, తెగిన అంచు మీద అరచెయ్యి పెట్టాడు. వద్దని వినీత అనేలోపే దారపు ముల్లు ఒకటి వేలిలో దిగింది. ఆమె ఆయన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, భూతద్దం పెట్టి, పట్టకారుతో ఆ నల్లటి ముల్లును వెతికింది. గిన్నెలు తట్టీ తట్టీ కాయలు కాసిన వేలు. చర్మంలో ముల్లు చాలా లోతుగా పోయింది. తీస్తున్నంతసేపూ ఆయన కదలలేదు. నొప్పి పెడుతోందా అని అడిగితే వినిపించుకోలేదు.

"ఈ పొరలు ఎలా పెట్టాలో నువ్వే సెప్పినావా?"

"నేనే, నాన్నా."

"నేల తగిలేదాకా ఇరగలేదన్నారు కదా."

"అవును."

"బాగా సేసినావు," అన్నాడు పాండురంగయ్య.

చిన్నప్పటి నుంచీ ఆయన నోట వినాలని ఆమె ఎంత ఆశపడిన మాటో అది. ఇలా వినాల్సి వచ్చింది. పట్టకారు పక్కన పెట్టి, ఆయన చేతిని రెండు చేతుల్లోనూ పట్టుకుని వినీత ఏడ్చింది. అన్న పోయాక మనుషుల ముందు ఏడవడం అదే మొదటిసారి. ఆయన రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టి, కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారమే వినీత ఇంటికి వచ్చేసింది. ఇల్లు పూర్వంలా కాలేదు. భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చునేవారు, కూర బాగుందో లేదో మాట్లాడుకునేవారు. కన్యకాంబ మాత్రం ఇప్పుడు వాసు పేరు ఎత్తేది. వాడికి ఈ కూర ఇష్టం, వాడు ఉంటే ఈ పుణుకులు మిగిలేవా అనేది. మొదట్లో ఆ పేరు వినపడగానే ఇద్దరూ తలలు దించుకునేవారు. తర్వాత తర్వాత, అవును మిగిలేవి కావు అనడం నేర్చుకున్నారు.

ఒకరోజు వినీత కొట్టులో ఉండగా, ఎరిగిన బెంగాలీ మాష్టారొకాయన కూతురి పెళ్లికి కంచు పళ్లేలు చూడడానికి వచ్చాడు. మాటల్లో సానుభూతిగా, గుడ్డతో విమానం కడితే మరేమవుతుంది దాదా అన్నాడు. ఆ మాట ఈ కొట్టులో ఎన్నోసార్లు పలికినదే, పాండురంగయ్య దగ్గరే ఆయన నేర్చుకున్నదే. వినీత చేతిలో పని ఆపేసింది. పాండురంగయ్య పళ్లేన్ని కాగితంలో చుడుతూ, బెంగాలీలోనే, రెక్క బాగానే ఉంది మాష్టారూ, మావాడే తిరక్కూడని చోట తిరిగాడు, అన్నాడు. అని ఆ చుట్టిన పళ్లేన్ని మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు. ఆ తర్వాత బజారులో ఎవరు అడిగినా ఆయన చెప్పింది అదే. చెప్పిన ప్రతిసారీ ఆ మాట ఆయన్ను కొంచెం తిన్నదని వినీతకు కనిపించేది. అయినా మానలేదు.

మరుసటి ఏడాది కంపెనీ ఇంజన్ మార్చి, అదే రెక్కతో, ఇంకో విమానం కట్టింది. మొదటిసారి ఎగిరే రోజు వినీత కూడా ఉండాలని వాళ్లు అడిగారు. ఆమె వెళ్లింది. పైలట్ కార్తికేయ అనే కుర్రాడు. వాసుదేవ్ దగ్గర నేర్చుకున్నవాడేనట. ఎక్కే ముందు వచ్చి ఆమెకు దణ్ణం పెట్టాడు. విమానం పైకి లేస్తే అందరూ తలలెత్తి చూశారు. ఆమె మాత్రం చెవులతో వింది. ఇంజన్ చప్పుడు దూరమయింది, సన్నబడింది, మళ్లీ దగ్గరయింది. చక్రాలు నేల తాకిన శబ్దం వినిపించాక కళ్లెత్తింది.

చప్పట్లు కొడుతున్నవాళ్ల మధ్య నుంచి పక్కకు వచ్చేసరికి ఫోను మోగింది. ఖరిదా నుంచి తండ్రి.

"దిగిందా?"

"దిగింది నాన్నా."

అటువైపు కొట్టులో ఎవరో బేరమాడుతున్నారు.

"ఎవరబ్బాయి నడిపినాడు?"

చెప్పింది.

"ఆ పిల్లోడికి అమ్మా నాన్నా ఉన్నారేటి?"

"ఉన్నారు. కాకినాడ దగ్గర."

"ముందల ఆళ్లకి ఫోన్ సేసి, దిగినానని సెప్పమను," అన్నాడు పాండురంగయ్య. "మిగతా పనులు తరవాత సూసుకోవచ్చు."